బేస్ క్యాంప్ ట్రెక్‌కి నెల ఎంచుకునేది చలి చూసి కాదు, మబ్బు చూసి

ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి, అంటే శిఖరం ఎక్కేవాళ్ళు కింద టెంట్లు వేసుకునే చోటికి, నడిచి వెళ్దాం అనుకున్నాక హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఎవరైనా మొదట అడిగేది ఒకటే, అక్కడ చలి ఎంత ఉంటుంది, ఏ నెలైతే తట్టుకోగలం. అడగడంలో తప్పేం లేదు, డిసెంబర్లో లంబసింగి వెళ్ళి రెండు స్వెట్టర్లు వేసుకుని వణుకుతూ ఫోటోలు దిగే జనం మనం, మైనస్ పది అంటే గుండె ఝల్లుమంటుంది. కానీ నెల ఎంచుకోవడానికి ఈ ప్రశ్న పనికిరాదు. ఎందుకంటే చలికి డబ్బుతో పరిష్కారం ఉంది, కాఠ్మాండూ థామెల్ వీధుల్లో మంచి డౌన్ జాకెట్టు, మైనస్ ఇరవైకి సరిపోయే స్లీపింగ్ బ్యాగ్ రోజు అద్దెకి దొరుకుతాయి, ఆ రెండూ ఉంటే రాత్రి గడిచిపోతుంది. మబ్బుకి మాత్రం ఎంత డబ్బు పోసినా పరిష్కారం లేదు. రెండు వారాలు సెలవు పెట్టుకుని, ఎనిమిది రోజులు నడిచి, 5,545 మీటర్ల ఎత్తున్న కాలాపత్తర్ అనే కొండ ఎక్కి నిలబడితే ఎదురుగా ఎవరెస్ట్ బదులు తెల్లటి గోడలాంటి మబ్బు ఉంటే ఇక చేసేదేం లేదు, కిందికి దిగి రావడమే.

మార్చి నుంచి మే, మళ్ళీ అక్టోబర్, నవంబర్ అని ఎక్కడ చూసినా ఒకటే సమాధానం కనిపిస్తుంది. తప్పు కాదు గానీ అది ఐదు నెలల లెక్క, అందులో అక్టోబర్ 3కీ నవంబర్ 12కీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే నెల పేరు ఎవర్నీ అడగక్కర్లేదు.

హిమాలయాల మీద ఏడాది పొడుగునా పెత్తనం చేసేవి రెండు. ఒకటి కింద నుంచి వచ్చే తేమ, అంటే మన నైరుతి రుతుపవనాలే, బంగాళాఖాతం మీద నీళ్ళు మోసుకుని ఉత్తరానికి పోయి కొండలకి గుద్దుకుని అక్కడే కుమ్మరిస్తాయి. నేపాల్లో జూన్ రెండో వారంలో మొదలై అక్టోబర్ మొదటి వారం దాకా ఉంటాయి, ఏడాది మొత్తం వానలో దాదాపు ఎనభై శాతం ఆ నాలుగు నెలల్లోనే పడిపోతుంది. రెండోది పైన వీచే జెట్ స్ట్రీమ్, పడమర నుంచి తూర్పుకి పరిగెత్తే గాలి నది లాంటిది. చలికాలంలో అది సరిగ్గా హిమాలయాల నెత్తిన కూర్చుంటుంది, శిఖరం దగ్గర గంటకి నూట అరవై కిలోమీటర్లు దాటిన గాలులు అప్పుడే. ఎండలు ముదిరి టిబెట్ పీఠభూమి వేడెక్కేకొద్దీ ఆ జెట్ ఉత్తరానికి జరుగుతుంది, మే రెండో సగానికి శిఖరం మీద గాలి కాస్త నెమ్మదిస్తుంది, ఆ తర్వాత కొద్ది రోజులకే కింద నుంచి వానలు వచ్చేస్తాయి. ఆ మధ్యలో దొరికే సందే శిఖరం ఎక్కేవాళ్ళకి ఏడాదికోసారి తెరుచుకునే తలుపు. టెన్జింగ్, హిల్లరీ 1953 మే 29న ఎక్కారు, నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం వైపు ఆనంద్ కుమార్ 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎక్కారు, అరవై ఏళ్ళ తేడా ఉన్నా తేదీలు పక్కపక్కనే ఉండటం యాదృచ్ఛికం కాదు, ఆ సందు అక్కడే ఉంటుంది మరి.

అయితే ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. ఎవరెస్ట్ ఎక్కేది మే నెలలో కాబట్టి బేస్ క్యాంప్‌కి కూడా మే నెలే బెస్ట్ అనుకుంటారు చాలామంది. శిఖరం ఎక్కేవాడికి శత్రువు గాలి, 8,848 మీటర్ల దగ్గర గాలి ఆగితే చాలు వాడికి. బేస్ క్యాంప్ దాకా నడిచేవాడికి శత్రువు మబ్బు, వాడు ఉండేది 2,600 నుంచి 5,500 మీటర్ల మధ్య, అక్కడ జెట్ స్ట్రీమ్ దెబ్బ అంతగా తగలదు, తేమే కథ నడిపిస్తుంది. కాబట్టి వాళ్ళ సీజన్, వీళ్ళ సీజన్ ఒకటి కాదు.

మబ్బు దెబ్బ మొదట తగిలేది కొండ మీద కాదు, విమానం దిగి నడక మొదలుపెట్టే లుక్లా ఎయిర్‌పోర్టులో. 2,845 మీటర్ల ఎత్తులో కొండ అంచున చెక్కిన రన్‌వే అది, పొడవు 527 మీటర్లు, మన శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు అంటే అందులో ఎనిమిదో వంతు కూడా లేదు, పైగా పన్నెండు శాతం దాకా వాలు. ఒక చివర కొండ, ఇంకో చివర లోయ. పైలట్ కంటితో చూసి దింపాల్సిందే, మబ్బు పడితే విమానం లేదు అంతే. పొద్దెక్కేకొద్దీ లోయ కింద నుంచి గాలి పైకి తోస్తుంది కాబట్టి మంచి రోజుల్లో కూడా మధ్యాహ్నానికల్లా విమానాలు దాదాపు బంద్. దీనికి తోడు రద్దీ నెలల్లో కాఠ్మాండూ నుంచి కాకుండా మంథలి అనే చోట, అదే రామెచాప్, నుంచి విమానాలు నడుపుతున్నారు, అంటే కాఠ్మాండూలో అర్ధరాత్రి దాటాక వ్యాన్ ఎక్కి నాలుగైదు గంటలు కొండ దారిలో ఊగుతూ పోయి, తెల్లారేసరికి అక్కడ చిన్న షెడ్డు ముందు లైన్లో నిలబడి, పైన లుక్లాలో మబ్బు విడిచిందా లేదా అని ఆకాశం వంక చూడాలి. సీజన్ చెడ్డదైతే ఆ చూపులు రెండు రోజులు, మూడు రోజులు సాగుతాయి. వెళ్ళేటప్పుడు ఆగిపోతే ట్రెక్ రోజులు తగ్గుతాయి, వచ్చేటప్పుడు ఆగిపోతే కాఠ్మాండూ నుంచి ఇంటికి తీసుకున్న టికెట్ గంగలో కలుస్తుంది. నెల సరిగ్గా ఎంచుకోవడం అంటే సగం వరకు ఈ లుక్లా లాటరీలో గెలిచే అవకాశం పెంచుకోవడమే, ఇది చాలా ప్యాకేజీ బ్రోచర్లలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇక శరత్కాలం సంగతి. వానలు వెనక్కి తగ్గాక గాలిలో దుమ్మంతా నాలుగు నెలలు కడిగేసి ఉంటుంది, తేమ పోతుంది, జెట్ ఇంకా పూర్తిగా దక్షిణానికి దిగి ఉండదు, అందుకే అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ చివరి దాకా ఆకాశం అద్దంలా ఉంటుంది. మనకీ అంతే కదా, ఆశ్వయుజం దాటి కార్తీకం వచ్చేసరికి ఆకాశం తేటపడుతుంది, వెన్నెల పిండారబోసినట్టు ఉంటుంది, అదే వెన్నెల అక్కడ అమాదబ్లం కొండ మీద పడుతుంది. ట్రెక్ దారిలో ఉండే తెంగ్‌బోచే బౌద్ధ మఠంలో మణి రిమ్‌దు పండగ కూడా ఈ రోజుల్లోనే, అక్టోబర్, నవంబర్ పున్నమి చుట్టూ, ముసుగులు వేసుకుని లామాలు నాట్యం చేస్తారు, కుదిరితే దానికి సరిపడా తేదీ చూసుకోవడం మంచిది.

మనవాళ్ళకి శరత్కాలం అంటే దసరా సెలవులు. తెలంగాణలో స్కూళ్ళకి దాదాపు రెండు వారాలు వస్తాయి, ట్రెక్‌కి కూడా పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, లెక్క అతికినట్టు సరిపోతుంది అనుకుంటారు. ఇక్కడే ఒక మెలిక ఉంది. వానలు సూర్యుడి లెక్కన పోతాయి, దసరా చంద్రుడి లెక్కన వస్తుంది. 2025లో విజయదశమి అక్టోబర్ 2. అప్పటికి నేపాల్లో వానలు ఇంకా పూర్తిగా పోలేదు, సరిగ్గా ఆ పండగ వెళ్ళిన రెండు మూడు రోజులకి తూర్పు నేపాల్లో కుండపోత పడి ఇలాం జిల్లాలో కొండచరియలు విరిగి పదుల మంది చనిపోయారు, అదే రోజుల్లో ఎవరెస్ట్‌కి అవతలి పక్క, టిబెట్ వైపు కర్మ లోయలో చైనా సెలవులకి వచ్చిన వందల మంది ట్రెకర్లు మంచులో ఇరుక్కుపోయారు. అదే 2023లో అధిక శ్రావణం వచ్చింది కాబట్టి దసరా అక్టోబర్ 24 ప్రాంతానికి జరిగింది, 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి అక్టోబర్ 20 ప్రాంతంలో వస్తుంది. అంటే అధిక మాసం వచ్చిన ఏడు దసరా సెలవులు ట్రెక్‌కి అనుకూలం, ఆ మరుసటి ఏళ్ళలో పదకొండేసి రోజులు వెనక్కి జరిగి జరిగి వానల నోట్లో పడతాయి. పంచాంగం చూసి ప్రయాణం పెట్టుకోవడం అంటే నవ్వుతారు గానీ ఈ ఒక్క విషయంలో పంచాంగం చూడటమే తెలివి, వర్జ్యం కోసం కాదు, అధిక మాసం కోసం.

ఇంకోటి, మన దసరానే వాళ్ళ దశైఁ, నేపాల్లో అన్నిటికన్నా పెద్ద పండగ. కాఠ్మాండూ సగం ఖాళీ, బస్సులన్నీ ఫుల్, కింది ఊళ్ళ నుంచి వచ్చే రాయ్, తమాంగ్ పోర్టర్లలో చాలామంది ఇంటికి పోవాలనుకుంటారు. పైన షెర్పా ఊళ్ళు బౌద్ధులవి కాబట్టి లాడ్జిలు నడుస్తూనే ఉంటాయి, కానీ పోర్టర్‌ని ముందే మాట్లాడుకోకపోతే కష్టం. మనం పండక్కి ఇల్లు వదిలి పోతున్నాం అంటే మన సామాను మోసే మనిషి కూడా పండక్కి ఇల్లు వదిలినట్టే కదా.

అక్టోబర్ మధ్య నుంచి నెలాఖరు దాకా రద్దీ మామూలుగా ఉండదు. బేస్ క్యాంప్‌కి ముందు చివరి మజిలీ గోరక్‌షెప్‌లో ఉన్నవే కొద్దిపాటి లాడ్జిలు, ఆలస్యంగా చేరినవాళ్ళకి డైనింగ్ హాల్లో బెంచీ మీద పడక. దారిలో వచ్చే నామ్చే అనే ఊరి ముందు వేలాడే వంతెన మీద జడలబర్రెల మంద, అటు నుంచి దిగేవాళ్ళు, ఇటు నుంచి ఎక్కేవాళ్ళు, ఆదివారం నాడు కోఠీలో నడుస్తున్నట్టే ఉంటుంది. ప్రశాంతత కోసం కొండలకి పోవాలనుకునేవాళ్ళు అక్టోబర్‌కి పోతే నిరాశే.

ఇప్పుడు అక్టోబర్ గురించి పెద్దగా ఎవరూ చెప్పని సంగతి, అందులోనూ తెలుగువాళ్ళకి బాగా దగ్గర సంగతి. వానలు పోయాక హిమాలయాల్లో వాతావరణం చెడేది ఎక్కువగా ఎక్కడి నుంచంటే బంగాళాఖాతం నుంచి, అంటే మన తీరం మీదుగా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది, ఆ రోజు విశాఖ ఎలా అయిపోయిందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది, ఊళ్ళో చెట్టన్నది మిగల్లేదు, రోజుల తరబడి కరెంటు లేదు. మన వార్తల్లో తుఫాను అక్కడితో అయిపోయింది. కానీ అది బలహీనపడి వాయుగుండంగా మారి ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ మీదుగా ఉత్తరానికి పోయింది, ఆ తేమంతా మోసుకుని అక్టోబర్ 14న నేపాల్ కొండలకి గుద్దుకుంది. అన్నపూర్ణ సర్క్యూట్ అనే ట్రెక్‌లో థొరాంగ్ లా అని 5,416 మీటర్ల ఎత్తున్న కనుమ ఉంది, దాటితే అవతల దిగేది ముక్తినాథ్, మన వైష్ణవులు సాలగ్రామ క్షేత్రమని యాత్రకి పోయే ముక్తినాథే. సీజన్ పీక్‌లో ఉంది, అప్పటిదాకా వాతావరణం బాగుంది, మంచు మొదలైనా ఇది మామూలు జల్లే అనుకుని చాలామంది తెల్లవారుజామున కనుమ వైపు బయల్దేరారు. పన్నెండు గంటల్లో దాదాపు ఆరడుగుల మంచు. దారి కనపడదు, ముందు మనిషి అడుగులు నిమిషంలో పూడుకుపోతాయి, కనుమ మీదున్న చిన్న టీ కొట్టులో పట్టనంత మంది దూరి తలదాచుకున్నారు, కొందరు భయపడి దిగడం మొదలుపెట్టి దారి తప్పారు. మొత్తం 43 మంది చనిపోయారు, విదేశీ ట్రెకర్లు, నేపాలీ గైడ్లు, పోర్టర్లు, అందులో జడలబర్రెలు కాచుకునేవాళ్ళు కూడా ఉన్నారు.

విశాఖలో చెట్లు కూలిన రోజుకీ థొరాంగ్ లాలో మంచు పడ్డ రోజుకీ మధ్య రెండు రోజులు ఉన్నాయి. ఆ రెండు రోజులు చాలు కింద ఊళ్ళోనే ఆగిపోవడానికి, తెలిసి ఉంటే.

ఇది ఒక్కసారి జరిగింది కాదు. 1995 నవంబర్ 9న ఆంధ్ర, ఒడిశా సరిహద్దు దగ్గర తీరం దాటిన తుఫాను కూడా ఇలాగే ఉత్తరానికి పోయి ఎవరెస్ట్ ప్రాంతంలో విపరీతంగా మంచు కురిపించింది, గోక్యో లోయలో పాంగా దగ్గర రాత్రి పడుకున్న లాడ్జి మీద మంచు చరియలు విరుచుకుపడి జపాన్ ట్రెకర్లు, నేపాలీ సిబ్బంది కలిపి ఇరవై మందికి పైగా పోయారు. నవంబర్ అంటే అన్నిటికన్నా స్థిరమైన నెల అని అందరూ చెప్పే నెలలోనే. 2013లో ఫైలిన్ ఒడిశాలో తీరం దాటిన తర్వాత, 2025 అక్టోబర్ 28న మొంథా గోదావరి జిల్లాల తీరం దాటిన తర్వాత కూడా నేపాల్ ఎత్తుల్లో వాతావరణం చెడింది. ప్రతి తుఫానూ అంత దూరం పోదు, పడమర నుంచి వచ్చే చల్లగాలి ద్రోణి ఏదైనా అదే సమయానికి తగిలి దాన్ని పైకి లాగితేనే పోతుంది. అక్టోబర్ తుఫాన్లు ఎక్కువగా ఉత్తరాంధ్ర, ఒడిశా, బెంగాల్ వైపు వస్తాయి కాబట్టి వాటికి ఆ దారి దగ్గర, నవంబర్ చివరికి తుఫాన్లు నెల్లూరు, తమిళనాడు వైపు దిగిపోతాయి, అవి హిమాలయాల దాకా పోవడం తక్కువ. నవంబర్ నెల అక్టోబర్ కన్నా నమ్మకంగా ఉండటానికి ఇదొక కారణం. సో ట్రెక్‌లో ఉన్నప్పుడు ఇంటికి ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడిగించుకోవడంతో పాటు అక్కడ వాయుగుండం ఏమైనా ఉందా అని కూడా అడగాలి, విశాఖ వాతావరణ కేంద్రం బులెటిన్ అక్కడ ఈ ట్రెక్ సాగే ఖుంబూ లోయలో కూడా పనికొచ్చేదే.

ఇవన్నీ కలిపి చూస్తే మొదటిసారి పోయేవాళ్ళకి నవంబర్ మొదటి మూడు వారాలే అన్నిటికన్నా తెలివైన ఎంపిక, దీనిలో పెద్దగా వాదనకి చోటు లేదు. రద్దీ తగ్గుతుంది, లుక్లా విమానాలు ఎక్కువగా టైముకి నడుస్తాయి, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆకాశం నీలంగా ఉంటుంది. మూల్యం ఒక్కటే, చలి. ఆ మూల్యం ఎంతో ఒకసారి దగ్గరగా చూద్దాం.

గోరక్‌షెప్, 5,164 మీటర్లు, నవంబర్ రెండో వారం. సాయంత్రం కాగానే సూర్యుడు కొండ వెనక్కి పోతాడు, పది నిమిషాల్లో ఎవరో స్విచ్ ఆపేసినట్టు వేడి పోతుంది. డైనింగ్ హాల్ మధ్యలో ఇనప పొయ్యి వెలిగిస్తారు, అందులో వేసేది జడలబర్రె పేడ పిడకలు, ఆ ఎత్తులో చెట్లుండవు మరి, ఆ పిడకల వాసన మన పల్లెల్లో పొయ్యి వాసనకి దగ్గరగానే ఉంటుంది. అందరూ దాని చుట్టూ చేరి వెల్లుల్లి సూప్ తాగుతూ కూర్చుంటారు, ఎనిమిదింటికల్లా పొయ్యి చల్లారుతుంది, ఇక గదికి పోవాల్సిందే. గదికి ప్లైవుడ్ గోడలు, హీటర్ ఉండదు, బయట మైనస్ పన్నెండు, పదిహేను ఉంటే లోపల నాలుగైదు డిగ్రీలు నయం. నీళ్ళ బాటిల్, ఫోను, పవర్ బ్యాంకు, కెమెరా బ్యాటరీ అన్నీ స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోవాలి, చలికి బ్యాటరీ చార్జింగ్ దానంతటదే పడిపోతుంది. బాటిల్ బయట పెట్టాల్సొస్తే తలకిందులుగా పెడతారు అక్కడివాళ్ళు, నీళ్ళు పైభాగం నుంచి గడ్డకడతాయి కాబట్టి పొద్దున తిప్పేసరికి మూత దగ్గర నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయి. తెల్లారి చూస్తే కిటికీ అద్దానికి లోపలి వైపు మంచు పొర ఉంటుంది, అది రాత్రంతా మనం వదిలిన ఊపిరే. కష్టమే, కాదనలేం, కానీ ఇలాంటి రాత్రులు మొత్తం ట్రెక్‌లో రెండో మూడో, మిగతావి దీనికన్నా నయం. ఇదీ చలి ఖరీదు. దీనికి బదులు దొరికేది కాలాపత్తర్ మీద సాయంత్రం. పొద్దున్నే సూర్యోదయానికి ఎక్కాలని అందరూ ఎగబడతారు గానీ పొద్దున సూర్యుడు ఎవరెస్ట్ వెనక నుంచి వస్తాడు, కొండ నల్లగా నీడలా కనిపిస్తుంది, సాయంత్రం అయితే ఎదురు వెలుగు పడి శిఖరం బంగారు రంగు నుంచి కుంకుమ రంగులోకి మారుతుంది. మబ్బులు మధ్యాహ్నం నుంచి కమ్ముకునే ఏప్రిల్, మే నెలల్లో ఆ సాయంత్రం దొరకడం అదృష్టం, నవంబర్లో చాలావరకు గ్యారంటీ.

పొడి గాలి ఇంకో ఇబ్బంది, గొంతు ఎండిపోయి పొడి దగ్గు పట్టుకుంటుంది, దాన్ని అక్కడ ఖుంబూ దగ్గు అనే పిలుస్తారు, మొహానికి గుడ్డ కట్టుకుని నడిస్తే కొంత ఆగుతుంది.

వసంతం మాటకొస్తే దానికి ఉన్న గొప్పతనం వేరు. మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా నామ్చే, తెంగ్‌బోచే మధ్య అడవిలో లాలీ గురాస్, అంటే రోడోడెండ్రాన్ చెట్టు, పూస్తుంది, ఎర్రగా, మోదుగ పూసినప్పుడు మన అడవులు ఎలా మండుతున్నట్టు ఉంటాయో అలా. ఇంకా ముఖ్యమైనది, బేస్ క్యాంప్‌లో పసుపు రంగు టెంట్ల ఊరు కనపడాలంటే ఏప్రిల్, మే నెలల్లోనే పోవాలి. అక్టోబర్, నవంబర్లో పోయినవాళ్ళు అక్కడికి చేరాక ఇదేనా బేస్ క్యాంప్ అంటారు, రాళ్ళు, హిమానీనదం, పేరు రాసిన ఒక బండ, రంగు జెండాలు తప్ప పెద్దగా ఏమీ ఉండదు, ఎందుకంటే ఎవరెస్ట్ ఎక్కేవాళ్ళంతా దాదాపు వసంతంలోనే వస్తారు. మనుషుల్ని, ఆ హడావిడిని, ఎక్కబోయేవాళ్ళ మొహాల్లో భయాన్ని చూడాలనుకుంటే ఏప్రిల్ చివరి వారానికి మించింది లేదు. కొండని చూడాలనుకుంటే నవంబర్.

వసంతానికి శత్రువు మసక. మార్చి నుంచి మే దాకా నేపాల్లో అడవులు తగలబడే కాలం, దానికి గంగా మైదానం నుంచి లేచే దుమ్ము, పొగ తోడవుతాయి, కింది లోయల్లో కొండలు పలచటి తెర వెనక నిలబడ్డట్టు ఉంటాయి. పైకి పోయేకొద్దీ తగ్గుతుంది గానీ మధ్యాహ్నం మబ్బు మాత్రం దాదాపు రోజూ వస్తుంది. అందుకే వసంతంలో పోయేవాళ్ళు ఆరింటికే బయల్దేరి పదకొండింటికల్లా తర్వాతి ఊరు చేరడం అలవాటు చేసుకోవాలి. పిల్లల సెలవుల కోసం మే చివరికి పెట్టుకుంటే మాత్రం వానలతో పందెం కాసినట్టే, మే 10 లోపు లుక్లా తిరిగొచ్చేలా ప్లాన్ చేసుకుంటే సరే, మే 25 అంటే ఆలోచించుకోవాలి.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం చాలా రోజులు తేటగానే ఉంటుంది, జనం ఉండరు, విన్నవాళ్ళకి ఇదే బెస్ట్ కదా అనిపిస్తుంది. కానీ పైన చాలా లాడ్జిలు మూసేసి ఓనర్లు కాఠ్మాండూ దిగిపోతారు, పైపుల్లో నీళ్ళు గడ్డకడతాయి, గోరక్‌షెప్‌లో రాత్రి మైనస్ ఇరవై దాటుతుంది, జెట్ దక్షిణానికి దిగి ఉంటుంది కాబట్టి కాలాపత్తర్ మీద గాలికి నిలబడటమే కష్టం, చోలా లాంటి కనుమలు మంచుతో మూసుకుపోవచ్చు. ఇదివరకు ఎత్తుల్లో తిరిగిన అనుభవం ఉన్నవాళ్ళ సీజన్ ఇది. మొదటిసారి మంచు చూడాలన్న సరదా ఉంటే సంక్రాంతి సెలవులకి ఉత్తరాఖండ్‌లో కేదార్‌కాంఠ చాలు, 3,800 మీటర్లే, వారంలో వచ్చేయొచ్చు.

జూన్ నుంచి సెప్టెంబర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ముసురు, జలగలు, విరిగిపడే దారులు, ఎగరని విమానాలు. 2024 ఆగస్టు 16న నామ్చేకి పైన థామే ఊరి మీదకి హిమ సరస్సులు తెగి వరద వచ్చింది, టెన్జింగ్ పెరిగిన ఊరది, ఇళ్ళు, బడి కొట్టుకుపోయాయి. ఆ నెలల్లోనే సెలవు దొరికేవాళ్ళు ఎవరెస్ట్ ఆలోచన పక్కనపెట్టి లదాఖ్ పోవడం మేలు, హిమాలయాలకి అవతలి పక్క వాననీడలో, అంటే కొండలు అడ్డుపడి వాన చేరని చోట, ఉంటుంది కాబట్టి లేహ్‌లో ఏడాది మొత్తం పడే వాన వంద మిల్లీమీటర్ల ప్రాంతమే, జులైలో హైదరాబాద్‌లో ఒక్క గట్టి రాత్రి పడేంత. నేపాల్లోనే ఉండాలంటే ముస్తాంగ్ పైభాగం ఉంది, అదీ వాననీడే.

ఒక్క విషయంలో మాత్రం ఏ నెలా సాయం చేయదు, అదే ఎత్తు. బేస్ క్యాంప్ దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు సగం, అది అక్టోబర్లోనూ అంతే ఏప్రిల్లోనూ అంతే. చలికాలంలో ఒత్తిడి ఇంకాస్త తగ్గుతుంది, శిఖరం దగ్గర జనవరికీ జులైకీ పాదరసం లెక్కలో పది మిల్లీమీటర్ల దాకా తేడా ఉంటుంది, అక్కడ ఆక్సిజన్ లేకుండా ఎక్కేవాడికి అది చావు బతుకుల తేడా, బేస్ క్యాంప్ దాకా పోయేవాడికి పెద్దగా తెలియదు. తెలిసేది తొందర. మూడు వేల మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరో రాత్రికీ పడుకునే ఎత్తు ఐదు వందల మీటర్లకన్నా ఎక్కువ పెరగకూడదన్నది అందరూ ఒప్పుకున్న లెక్క, అందుకే నామ్చేలో ఒక రోజు, దింగ్‌బోచేలో ఒక రోజు ఆగుతారు. చెడ్డ సీజన్‌లో పోతే లుక్లా దగ్గర పోగొట్టుకున్న రెండు రోజుల్ని ఎక్కడ కవర్ చేస్తారు? ఈ ఆగాల్సిన రోజుల్లోనే. తలనొప్పితో మొదలై హెలికాప్టర్‌తో ముగిసే చాలా ట్రెక్‌ల వెనక ఉండేది ఇదే, కాబట్టి వాతావరణం నేరుగా ఏమీ చేయకపోయినా తొందరపెట్టి చేయిస్తుంది.

కాబట్టి తేదీ వేసుకునేటప్పుడు పద్నాలుగు రోజుల ట్రెక్‌కి మొత్తం పద్దెనిమిది రోజులు చేతిలో పెట్టుకుని మొదలుపెట్టాలి, ముందొకటి, వెనక రెండు మూడు రోజులు లుక్లాకి వదిలేయాలి. 2026లో అయితే దసరా అక్టోబర్ 20 ప్రాంతం, దీపావళి నవంబర్ 8, పండగ ఇంట్లో చేసుకుని అక్టోబర్ 22న బయల్దేరినా పర్వాలేదు, దీపావళి టపాసులు కాల్చి మర్నాడు బయల్దేరితే ఇంకా మంచిది, ఆ లెక్కన కార్తీక పున్నమి, అంటే నవంబర్ 24, వచ్చేసరికి ట్రెక్ చివరి రోజుల్లో ఉంటారు, లుక్లా దగ్గరో తెంగ్‌బోచే దగ్గరో. 2027లో దసరా అక్టోబర్ 9కి వెనక్కి పోతుంది, ఆ ఏడు దసరా సెలవుల్ని నమ్ముకోకూడదు, దీపావళి అక్టోబర్ 29న కాబట్టి అది అయ్యాక ఆఫీసులో లీవు అడుక్కోవడమే దారి.